బుల్లి నట్ టార్ట్‌లు: ఏ పిండి, ఏ పప్పు, ఏ ఓవెన్?

మా పెద్దమ్మ చాలా ఏళ్ళు హ్యూస్టన్‌లో ఉండి హైదరాబాద్‌కి తిరిగొచ్చేటప్పుడు పెట్టెలో ఒక కాగితం తెచ్చింది. అక్కడి పక్కింటావిడ దగ్గర నేర్చుకున్న బుల్లి పెకాన్ (అక్రోటుని పోలిన అమెరికా పప్పు) టార్ట్‌ల కొలతలు, పెద్దమ్మ చేతిరాతలో, తెలుగులో: "ఒక కర్ర వెన్న, మూడు ఔన్సుల చీజ్, ఒక కప్పు మైదా, 350లో అరగంట లోపు." అంతే. కర్ర అంటే ఎంత కర్రో, 350 అంటే ఏమిటో రాయలేదు, ఎందుకంటే ఆవిడకి తెలుసు కాబట్టి. మా అమ్మ ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) డయల్ 250 దాకానే ఉంది. సరే, ఉన్నంతలో ఎక్కువ పెడదాం అని 250 మీద పెట్టింది. బయటికొచ్చినవి బొగ్గులు.

తర్వాత తెలిసింది, ఆ 350 ఫారెన్‌హీట్ అని, అంటే మన డయల్ మీద దాదాపు 177 అని. కర్ర అంటే అమెరికాలో వెన్న అమ్మే పొడుగాటి కడ్డీ, 113 గ్రాములు. మూడు ఔన్సులంటే 85 గ్రాములు. వాళ్ళ కప్పు 240 మిల్లీలీటర్లు, అందులో మైదా పోస్తే సుమారు 125 గ్రాములు తూగుతుంది. మనింట్లో టీ తాగే కప్పుతో కొలిస్తే లెక్క మొత్తం తప్పుతుంది, కాబట్టి నాలుగైదు వందలు పెట్టి ఒక చిన్న త్రాసు కొనుక్కోండి, ఇక్కడినుంచి నేను గ్రాముల్లోనే మాట్లాడతాను.

ఈ కొలతకి 24 వస్తాయి. ఒక్కోటి ఒక్క ముద్దకి సరిపడేంత, బిస్కెట్ లాంటి గిన్నె, లోపల పాకం, పైన పప్పు ముక్కలు. మా అమ్మమ్మ మొదటిసారి తిని "ఓవెన్‌లో పెట్టిన గరిజెలు" అంది. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఇవి చేద్దామనుకున్న ప్రతివాళ్ళూ నన్ను మొదట అడిగేది "పెకాన్ దొరక్కపోతే ఏం వేయాలి" అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. వాయికి పట్టే పప్పు 80 గ్రాములే, ఒక్కో టార్ట్‌లో మూడు గ్రాముల చిల్లర. జీడిపప్పుకి రెట్టింపు పైన ధర పెట్టి పెకాన్ కొన్నా, వాయికి పడే అదనపు ఖర్చు ఇంకో రెండు మూడు గుప్పెళ్ళ జీడిపప్పు కొన్నంతే. టార్ట్ బాగుందా లేదా, మూడో రోజుకి మెత్తబడిందా, పిల్లలు గిన్నె వదిలేసి పైపైన తిన్నారా అన్నది తేల్చేది కింది పిండి. కాబట్టి ముందు పిండి తేల్చుకోండి, తర్వాత పాకం, ఆ తర్వాతే పప్పు.

ముందు ఈ నాలుగూ ఆలోచించుకోండి

ఎన్ని రోజులు నిలవుండాలి? సాయంత్రం వచ్చే చుట్టాలకా, దీపావళికి అపార్ట్‌మెంట్‌లో పంచడానికా, బెంగళూరులో ఉన్న అక్కకి పార్సిల్ కట్టడానికా? ఒక్కోదానికీ పిండి వేరు.

ఏ నెలలో చేస్తున్నారు? ఇది మన ఊళ్ళో చిన్న విషయం కాదు. వెన్న 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, మే నెలలో మన వంటిల్లే అంతకన్నా వేడిగా ఉంటుంది. అమెరికా కాగితంలో "గది వేడిలో ఉన్న వెన్న" అని రాసి ఉంటే, ఆ గది మనది కాదు. ఇక వానాకాలంలో ఇబ్బంది ఇంకోటి, గాలిలో తేమకి ఎంత కరకరలాడే గిన్నె అయినా రెండు రోజుల్లో చప్పబడుతుంది.

తినేవాళ్ళలో గుడ్డు తినని వాళ్ళు ఉన్నారా? పంచిపెట్టేటట్టయితే ఉన్నారనే అనుకోండి. అసలు కొలతలో గుడ్డు ఉంది.

మీ ఇంట్లో ఉన్నది ఏ ఓవెన్? దీనికోసం కొత్తది కొనొద్దు. ఉన్నదానికి తగ్గట్టు చేసుకోవచ్చు, కింద చెప్తాను.

ఖర్చు ఐదోది, దాన్ని కావాలనే చివర్లో పెట్టాను, ఎందుకంటే ఇక్కడ ఖర్చు పెరిగేది క్రీమ్ చీజ్ (కాగితంలో చీజ్ అన్నది ఇదే, మెత్తగా, కొంచెం పుల్లగా ఉండే తాజా చీజ్) దగ్గర మాత్రమే.

పిండి: నాలుగు దారులు

| పిండి | తింటే ఎలా ఉంటుంది | బయట నిలవ | ఎండాకాలంలో | ఖర్చు |
|---|---|---|---|---|
| క్రీమ్ చీజ్ | మెత్తగా, పొరపొరగా, కొంచెం పులుపు | ఒకటి రెండు రోజులు | చాలా కష్టం | ఎక్కువ |
| వడకట్టిన పెరుగు | దాదాపు అదే, ఇంకాస్త మెత్తన | ఒకటి రెండు రోజులు | కష్టమే | తక్కువ |
| వెన్న, పంచదార | బిస్కెట్‌లా కరకర | నాలుగైదు రోజులు | పర్వాలేదు | మధ్యస్తం |
| నెయ్యి | నాన్‌ఖతాయ్‌లా పొడిపొడి | వారం దాకా | అన్నిటికన్నా తేలిక | మధ్యస్తం |

(నిలవ రోజులు మా ఇంట్లో చూసినవి, గాలి చొరబడని డబ్బాలో, చలికాలం లెక్క. మే నెలలో అన్నిటికీ సగం చేసుకోండి.)

క్రీమ్ చీజ్ పిండి. పెద్దమ్మ కాగితంలో ఉన్నది ఇదే. వెన్న 113 గ్రాములు, క్రీమ్ చీజ్ 85, మైదా 125. పంచదార అసలు వేయరు, ఇందులో గొప్ప అదే, లోపలి పాకం తీపికి బయటి పిండి చప్పగా, కొంచెం ఉప్పగా, కొంచెం పుల్లగా తగులుతుంది. నాలుక మీద రెండూ కలిస్తే ఇంకోటి తీసుకోవాలనిపిస్తుంది. రుచిలో దీనికి పోటీ లేదు, నేనే ఒప్పుకుంటాను.

కానీ మన దగ్గర ఇబ్బందులు మూడు. డబ్బా ఖరీదు, ఒక్క వాయికి కొంటే సగం పైనే మిగిలిపోయి ఫ్రిజ్‌లో బూజు పడుతుంది, కాబట్టి కొంటే రెండు వాయిలకి పిండి కలిపేయండి. రెండోది, షాపులో "చీజ్ స్ప్రెడ్" అని అమ్మేది ఇది కాదు, అది ఉప్పగా, జిగటగా ఉంటుంది, దానితో చేస్తే గిన్నె గట్టిపడిపోతుంది. మూడోది ఎండ. ఏప్రిల్‌లో ఒకసారి నేను ఈ పిండిని అచ్చుల్లో ఒత్తుతుంటే ఆరో దానికే నూనెలా కారడం మొదలైంది. 24 ఉండలు చేసి ఫ్రిజ్‌లో అరగంట పెట్టి, ఆరేసి చొప్పున బయటికి తీసి ఒత్తితేనే పని జరిగింది. ఏసీ గదిలో డైనింగ్ టేబుల్ మీద కూర్చుని ఒత్తేవాళ్ళు కూడా నాకు తెలుసు, అది పిచ్చి పనేం కాదు.

వడకట్టిన పెరుగు. క్రీమ్ చీజ్‌కి మన ఇంటి జవాబు. గట్టి పెరుగుని పల్చటి బట్టలో మూటకట్టి జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి, రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలేయాలి. ఫ్రిజ్‌లోనే, కుళాయికి వేలాడదీసి కాదు, ఎండాకాలంలో బయట వేలాడదీస్తే తెల్లారేసరికి నోట్లో పెట్టుకోలేనంత పులుస్తుంది. అరకిలో పెరుగు పెడితే ఒక వాయికి సరిపోను మిగులుతుంది కూడా. క్రీమ్ చీజ్ బదులు ఈ పెరుగు 85 గ్రాములు, వెన్న పైన చెప్పిన 113, మైదా మాత్రం 140 వేయండి, ఎందుకంటే ఎంత వడకట్టినా పెరుగులో నీళ్ళు ఎక్కువ, కొవ్వు తక్కువ. పొరలు కొంచెం తగ్గుతాయి. పక్కపక్కన పెట్టి తింటే తేడా తెలుస్తుంది, విడిగా తింటే మా పెద్దమ్మకే తెలియలేదు. ఇంట్లో తినడానికి నేను ఇప్పుడు ఎప్పుడూ చేసేది ఇదే.

వెన్న, పంచదార పిండి. మైదా 125, వెన్న 75, పంచదార పొడి 30, ముద్ద చేయడానికి చల్లని పాలు ఒకటి రెండు చెంచాలు. బేకరీ టార్ట్‌లలో మీరు తిని ఉంటారు. కరకరలాడుతుంది, ఆకారం నిలుస్తుంది, పార్సిల్‌కి బాగుంటుంది. తప్పల్లా తీపి మీద తీపి, అందుకే దీనిలోకి చేదు ఉన్న పప్పు కావాలి, అది కింద చెప్తాను. పాలు పోశాక ఎక్కువ పిసకొద్దు. చపాతీ పిండిలా మర్దనా చేస్తే గిన్నె రాయిలా అవుతుంది, ముద్దయిందంటే చేయి తీసేయాలి.

వెన్న గురించి రెండు ముక్కలు. మన ఇళ్ళల్లో ఉండే పసుపు వెన్నలో ఉప్పు ఉంటుంది, అది వాడితే పాకంలో ఇంకేం ఉప్పు వేయకండి. ఇంట్లో మీగడ చిలికి తీసిన తెల్ల వెన్న ఈ పిండికి పనికిరాదు, అందులో నీళ్ళెంతో మనకి తెలియదు, ఒకసారి ఒకలా ఇంకోసారి ఇంకోలా వస్తుంది. దాన్ని కాచి నెయ్యి చేసి కింది పద్ధతిలో వాడండి.

నెయ్యి పిండి. ఇది కాగితంలో లేదు, మా అమ్మ పెట్టిన దారి. మైదా 110, శనగపిండి 15, పేరిన నెయ్యి 65, పంచదార పొడి 35, అవసరమైతే ఒక చెంచా పాలు. వెన్నలో కొవ్వు 80 శాతం, మిగతాది దాదాపు నీళ్ళే, నెయ్యి మొత్తం కొవ్వే, అందుకే వెన్న బదులు అంతే తూకం నెయ్యి వేస్తే పిండి జిడ్డుగా కారిపోతుంది. నీళ్ళు లేవు కాబట్టి మైదా సాగదు, నోట్లో వేసుకుంటే ఇసుకలా రాలి కరుగుతుంది. నాన్‌ఖతాయ్ ఇష్టమున్న వాళ్ళకి ఇది మొదటి నంబరు. కానీ సన్నగా ఒత్తితే విరుగుతుంది, పాకాన్ని పీల్చుకుంటుంది కూడా, అందుకని ఖాళీ గిన్నెల్ని ముందు పది నిమిషాలు కాల్చి, తర్వాత పాకం పోసి మళ్ళీ పెట్టాలి. నెయ్యి కరిగి ఉంటే పని కాదు, ఎండాకాలంలో ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి పేరాక వాడండి. పార్సిల్ పంపితే చివరికి పొడి చేరుతుంది. ఒకసారి పుణెకి పంపాను, వాళ్ళు చెంచాతో తిన్నారట.

రెడీమేడ్ ఖాళీ గిన్నెలు బేకరీ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి. టైమ్ అసలు లేకపోతే వాడండి. రుచి అట్టముక్క.

పాకం: గుడ్డుతోనా, గుడ్డు లేకుండానా, బెల్లంతోనా

అసలు కొలత: ఒక గుడ్డు, బ్రౌన్ షుగర్ 150 గ్రాములు, కరిగించిన వెన్న ఒక పెద్ద చెంచా, వనిల్లా ఒక చిన్న చెంచా. నురగ రాకుండా మెల్లగా కలపాలి. నురగ వస్తే పైన తెల్లటి పొర కడుతుంది, రుచికి ఏం కాదు కానీ చూడ్డానికి బాగోదు. గిన్నెలో ముప్పావు దాకానే పోయండి. పైదాకా పోస్తే పొంగి అచ్చుకి అంటుకుంటుంది, అప్పుడు కత్తి పెట్టినా రాదు, సుత్తి పెట్టినా రాదు.

బ్రౌన్ షుగర్ బదులు బెల్లం వేయొచ్చా అంటే వేయొచ్చు, నాకు అదే ఎక్కువ ఇష్టం, ముదురు రంగు బెల్లం అయితే వాసన ఇంకా బాగుంటుంది. తురిమి, వెన్నతో సన్న మంట మీద కరిగించి, వడకట్టండి. వడకట్టకపోతే పళ్ళ కింద ఇసుక తగిలిన రోజు నన్ను తలుచుకుంటారు. పూర్తిగా చల్లారాక గుడ్డు కలపాలి, వేడి మీద కలిపితే ఆమ్లెట్ ముక్కలు తేలతాయి, నాకు తేలాయి. బెల్లంలో తేమ ఎక్కువ కాబట్టి ఒక చిన్న చెంచా మైదా చల్లండి, లేకపోతే పాకం జారుగా ఉండి గిన్నె అడుగు నానుతుంది.

గుడ్డు లేకుండా అయితే నాకు కుదిరింది కండెన్స్‌డ్ మిల్క్. 150 గ్రాములు, వెన్న 20 గ్రాములు, బ్రౌన్ షుగర్ 40 గ్రాములు, సన్న మంట మీద నాలుగైదు నిమిషాలు తిప్పుతూ ఉడికించి, ఒక చెంచా పాలలో కలిపిన చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్ పోసి దించేయాలి. పాకంలా కాకుండా పాలకోవాకి, టాఫీకి మధ్యలో ఉంటుంది. వేరే వంటకం అనుకోండి, కానీ మంచి వంటకం. ఇందులో మాత్రం బెల్లం వేడి మీద వేయకండి, పరమాన్నంలో పాలు విరిగినట్టే విరుగుతుంది. ఇది తొందరగా మాడుతుంది, గుడ్డు పాకం కంటే నాలుగైదు నిమిషాలు ముందే తీసేయాలి.

గుడ్డు తినని వాళ్ళకి పంచేటప్పుడు రెండు రకాలూ ఒకే ట్రేలో పెట్టకండి. గుర్తుగా ఒకదాని మీద పిస్తా ముక్క పెడదాం అనుకుంటాం, పెట్టాక ఏది ఏదో మనమే మర్చిపోతాం.

పప్పు

పెకాన్ ఉత్తర అమెరికా చెట్టు, టెక్సాస్ రాష్ట్ర వృక్షం కూడా అదే, హ్యూస్టన్ కాగితంలో అది ఉండటంలో వింత లేదు. కొవ్వు 70 శాతం పైనే, అందుకే అంత వెన్నలాంటి రుచి. హైదరాబాద్‌లో దొరుకుతుంది, బేగంబజార్ డ్రైఫ్రూట్ షాపుల్లో, పెద్ద సూపర్ మార్కెట్లలో, ఆన్‌లైన్‌లో. సమస్య ధర కాదు, తాజాదనం. ఇక్కడ కొనేవాళ్ళు తక్కువ, ప్యాకెట్ ఎన్నాళ్ళుగా ఆ అరలో ఉందో తెలియదు. నేను ఒక షాపులో కొన్న ప్యాకెట్ విప్పితే పాత నూనె వాసన, అడిగితే "అమెరికా సరుకు ఇలాగే ఉంటుంది" అన్నాడు. ఉండదు. విడిగా అమ్మే చోట ఒకటి నోట్లో వేసుకుని చూసి కొనండి, ప్యాకెట్ అయితే తేదీ చూడండి, తెచ్చాక ఫ్రీజర్‌లో పెట్టండి.

అక్రోటు పెకాన్‌కి చుట్టం. చూడ్డానికీ దగ్గరే, తింటే కొంచెం చేదు. ఆ చేదే నాకు కావాల్సింది, పాకం తీపిని అది పట్టి ఆపుతుంది. కాశ్మీర్ సరుకు వస్తుంది కాబట్టి దొరకడం తేలిక. ఇదీ తొందరగా పాడయ్యే పప్పే, లేత రంగు ముక్కలు చూసి తీసుకోండి, ముదురు గోధుమ రంగుకి తిరిగి ముడతలు పడ్డవి వద్దు. ముందు ఓవెన్‌లో 160 మీద ఏడెనిమిది నిమిషాలు వేయించి, వేడి మీదే బట్టలో వేసి రుద్దితే పొట్టు సగం పోతుంది, మరీ చేదు ఉండదు.

జీడిపప్పు అంటే మనకి ప్రాణం, పలాస నుంచి వచ్చింది కళ్ళ ముందు ఉండగా అమెరికా గింజలెందుకు అని మా అత్తయ్య వాదన. నేను రెండుసార్లు చేసి చూశాను. జీడిపప్పు తియ్యగా, మెత్తగా ఉంటుంది, తియ్యని పాకంలో కలిసి మాయమైపోతుంది, ఎక్కడుందో తెలియదు. నేతిలో ఎర్రగా వేయించి, చిటికెడు ఉప్పు తగిలిస్తే అప్పుడు నిలబడుతుంది. సగం అక్రోటు, సగం వేయించిన జీడిపప్పు, ఇదే ఇప్పుడు మా ఇంటి కొలత, అత్తయ్య గెలిచానంటుంది, నేనూ అదే అంటాను.

బాదం గట్టి. ముక్కలుగా వేస్తే పాకం మెత్తగా, ముక్క గట్టిగా, పళ్ళ మధ్య రెండూ కలవవు. సన్నగా చీల్చిన పలుకులైతే పైన చల్లడానికి బాగుంటాయి. పిస్తా రంగు కోసమే, ఎక్కువసేపు కాలితే ఆ పచ్చ రంగు కూడా పోతుంది.

ఇక పల్లీలు. నవ్వకండి. వేయించి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగా దంచి, బెల్లం పాకంలో, నెయ్యి పిండిలో పెట్టండి. పల్లీ పట్టీ తిని పెరిగిన నోటికి ఇది ఎక్కడో తగులుతుంది. మా వదిన వాళ్ళ ఆఫీసులో పెకాన్ డబ్బా, పల్లీ డబ్బా రెండూ పెడితే ముందు ఖాళీ అయింది పల్లీదే. ఖర్చు లెక్కలోకే రాదు. ఒక్క జాగ్రత్త, పప్పులు పడని వాళ్ళు, ముఖ్యంగా పల్లీ పడని వాళ్ళు ఉంటారు, అది ప్రాణం మీదికి తెచ్చే విషయం, పిల్లల స్కూలుకి పంపేముందు అడగండి, డబ్బా మీద ఏ పప్పు వేశారో రాయండి.

ఓవెన్, అచ్చులు

ఓటీజీ ఉంటే ఇంకేం ఆలోచించొద్దు. పైన కింద రెండు రాడ్లూ వేసి 170 మీద పదిహేను నిమిషాలు ముందే వేడి చేసి, మధ్య అరలో 22 నుంచి 25 నిమిషాలు. డయల్ చెప్పేది నమ్మకండి, చాలావాటిలో పదీ ఇరవై డిగ్రీల తేడా ఉంటుంది, మొదటి వాయి 18 నిమిషాలకే తొంగి చూడండి. కన్వెక్షన్ మైక్రోవేవ్ అయితే ఫ్యాన్ తిరుగుతుంది కాబట్టి 150 చాలు. ఇనుప, అల్యూమినియం అచ్చులు కన్వెక్షన్‌లో మాత్రమే, మైక్రోవేవ్ బటన్ పొరపాటున కూడా నొక్కొద్దు. అందులో అడుగు తెల్లగా ఉండిపోవడం మామూలు, పొట్టి స్టాండ్ మీద పెట్టండి.

ఎయిర్ ఫ్రైయర్‌లో అవుతాయి, కానీ ఏడెనిమిది కన్నా పట్టవు, పై నుంచి వేడి గాలి కొట్టడంతో పప్పు ముందు మాడి పిండి తర్వాత కాలుతుంది. 150 మీద 14, 15 నిమిషాలు, పప్పు మాత్రం సగంలో తెరిచి చల్లాలి. ఒకళ్ళిద్దరికి సరదాగా చేసుకోవడానికి సరే, దీపావళి పంపకాలకి నాలుగు గంటలు దాని ముందు నిలబడే ఓపిక నాకు లేదు.

అచ్చుల దగ్గర ఒక్క సంగతి చూసుకోండి. ఆన్‌లైన్‌లో 24 గుంతల ట్రే బాగుందని కొంటే చిన్న ఓటీజీలో తలుపు మూసుకోదు. లోపలి వెడల్పు టేపుతో కొలిచి, 12 గుంతల ట్రేలు రెండు కొనండి, లేదా బేగంబజార్ గిన్నెల షాపుల్లో విడి అల్యూమినియం అచ్చులు తీసుకోండి, వాటిని ఏ ఓవెన్‌లోనైనా సర్దుకోవచ్చు. మా అమ్మ బటన్ ఇడ్లీ ప్లేటులో ప్రయత్నించింది, కింది చిల్లుల్లోంచి పాకం కారింది. పొంగనాల పెనం మీద నేను ప్రయత్నించాను, అడుగు మాడింది, పైన పచ్చిగా ఉంది. ఆ రెండూ మేం చూసేశాం, మీరు చూడక్కర్లేదు.

పిండిని గుంతలో ఒత్తడానికి బొటనవేలు వేడి, వెన్న కరుగుతుంది. పప్పుగుత్తి పిడి చివర మైదాలో ముంచి ఒత్తండి, ఒక్క దెబ్బకి గిన్నె అవుతుంది. బయటికి తీసిన ఐదారు నిమిషాలకి, వెచ్చగా ఉండగానే, కత్తి మొనతో అంచు కదిపి తిప్పి తీసేయండి. చల్లారనిస్తే పాకం గట్టిపడి పట్టేసుకుంటుంది.

మరి మీకు ఏది

మొదటిసారి చేస్తుంటే, నెల ఏదైనా, వెన్న పంచదార పిండి, గుడ్డు పాకం, అక్రోటు. తప్పు జరగడానికి సందు తక్కువ.

ఈ సాయంత్రం ఇంటికొచ్చే పదిమందికి, మంచి రుచి చూపించాలనుంటే, అది నవంబర్, ఫిబ్రవరి మధ్యలో అయితే, క్రీమ్ చీజ్ కొనండి, తాజా పెకాన్ దొరికితే అదీ కొనండి, ఒక్కసారైనా పెద్దమ్మ కాగితంలో ఉన్నట్టు తినాలి. అదే రుచి నెలకోసారి కావాలంటే వడకట్టిన పెరుగుకి మారిపోండి.

అపార్ట్‌మెంట్ మొత్తానికి పంచాలంటే నెయ్యి పిండి, కండెన్స్‌డ్ మిల్క్ పాకం, పల్లీ కానీ జీడిపప్పు కానీ. గుడ్డు గొడవ లేదు, నిలవుంటుంది, నేతి వాసనకి పెద్దవాళ్ళు అడగకుండానే రెండోది తీసుకుంటారు. డబ్బా మూతకి పప్పు పేరు రాసిన చీటీ అంటించడం మర్చిపోవద్దు. ఊరికి పార్సిల్ అయితే వెన్న పిండి, గుడ్డు పాకం, పైన అక్రోటు. చలికాలంలోనే పంపండి, టార్ట్‌లు పూర్తిగా చల్లారాక, ఒక్కో వరుస మధ్య బటర్ పేపర్ పెట్టి, డబ్బాలో కదలకుండా సర్దాలి. ఖాళీ ఉంటే పేపర్ నలిపి కూరండి.

మే నెలలో చేయాల్సి వస్తే? నిజం చెప్పాలంటే నేను చేయను. మార్చిలోనే పెరుగు పిండి 24 ఉండలు చేసి, ప్లేటు మీద విడివిడిగా గడ్డకట్టించి, తర్వాత జిప్ కవర్‌లో వేసి ఫ్రీజర్‌లో పెడతాను. రెండు నెలలు బానే ఉన్నాయి, మూడో నెలకి ఫ్రిజ్ వాసన పట్టింది. రాత్రి ఫ్రీజర్‌లోంచి ఫ్రిజ్‌లోకి మార్చి, పొద్దున్నే ఆరు గంటలకి, వంటిల్లు ఇంకా చల్లగా ఉండగా ఒత్తేసి కాల్చేస్తే, ఎనిమిదింటికల్లా ఓవెన్ ఆపేసి ఫ్యాన్ కిందికి వెళ్ళిపోవచ్చు.